ఆపరేటర్ క్యాబిన్ దాకా: తిరుపతి, చిత్తూరులో మూడు రోజులు

మా నాయన చిత్తూరులో సినిమా ఆపరేటరు. ఇరవై ఏళ్లకు పైగా ఒకే హాల్లో పని చేశాడు. ఆ హాలు ఇప్పుడు చర్చి అయిందని బంధువుల ద్వారా తెలిసినప్పటి నుంచి ఒక్కసారి పోయి చూద్దామని అడుగుతూనే ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. సంక్రాంతి వెళ్లిన తర్వాతి గురువారం రాత్రి అనంతపురం నుంచి బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగి వచ్చాం. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని అటువైపు వెళ్లేవాళ్లకు ఉపయోగపడుతుందని బస, బస్సు, భోజనం సంగతులు కూడా రాస్తున్నాను. ఆ హాలు పేరు, వీధి పేరు మాత్రం రాయను. అక్కడ ఆదివారం ప్రార్థన చేసుకునేవాళ్లకు మా వల్ల చూడవచ్చేవాళ్ల తాకిడి పెరగకూడదు.

కదిరి, మదనపల్లె, పీలేరు మీదుగా రాత్రి బస్సులో వచ్చి తెల్లవారుజామున తిరుపతిలో దిగాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నా సలహా ఏమిటంటే ఈ దారిలో రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. మదనపల్లె దాటాక మలుపులెక్కువ, నాయనకు కునుకు పట్టలేదు. బస్టాండు ఎదురుగా దేవస్థానం వాళ్ల శ్రీనివాసం, రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణునివాసం ఉన్నాయి. రెండూ శుభ్రంగా ఉంటాయి, ముసలివాళ్లకు దూరం నడిచే పని ఉండదు. కానీ పండగ తర్వాత వారాంతంలో గది ఖాళీ ఉంటుందని నమ్మి రాకూడదు. మేము ముందుగా బుక్ చేసుకోలేదు, కాబట్టి బస్టాండు వెనక ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. ఫోన్లో మాట్లాడినప్పుడు వేడినీళ్లు రోజంతా వస్తాయన్నారు. వెళ్లాక ఉదయం ఐదు నుంచి ఎనిమిది వరకేనని తెలిసింది. సాయంత్రం నాయన మోకాళ్లకు కాపడం పెట్టడానికి నీళ్లు కావాలంటే, రూము బాయ్ పాపం వంటగదిలో కాచి బకెట్టుతో రెండంతస్తులు మోసుకొచ్చాడు. ఆ పిల్లవాడి మంచితనం వల్లే అక్కడ రాత్రి గడిచింది. గది అద్దె 1,400. ఆ డబ్బుకు ఆ సౌకర్యం చాలదు. లిఫ్టు ఉందా అని మాత్రమే అడగకండి. కరెంటు పోతే అది నడుస్తుందా అని కూడా అడగండి.

పగలంతా నాయన పడుకున్నాడు. సాయంత్రం ఆటోలో కపిలతీర్థం వైపు వెళ్తూ లీలామహల్ సర్కిల్ దగ్గర ఆగాం. పైన 2023 సెప్టెంబరులో తెరిచిన శ్రీనివాస సేతు ఫ్లైఓవరు, కింద ఆటోవాళ్లు "లీలామహల్, లీలామహల్" అంటూ కేకలు. తిరుపతికి కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని ఏ రాజుగారి భవనమో అనుకుంటారు. అది సినిమా హాలు పేరు. ఇటు చంద్రగిరికి పోతే విజయనగర రాజుల రాజమహల్, రాణీమహల్ ఉన్నాయి. వాటిని చూడటానికి టికెట్ కొనుక్కుని వెళ్తాం. కానీ రోజుకు వేల నోళ్లలో పలికేది ఈ మహల్ పేరే. ఒక హాలు ఎన్నో ఏళ్లు జనాన్ని కూడగడితేనే వీధికి ఆ పేరు వస్తుంది. మన ఊళ్లలో ఇలాంటి సర్కిళ్లు, స్టాపులు ఎన్నో ఉన్నాయి. వాటి చరిత్ర ఎవరూ రాసిపెట్టలేదు. అడిగితే చెప్పగలిగే వయసువాళ్లు తగ్గిపోతున్నారు. నాకు దిగులుగా అనిపించే విషయం అదే.

రాత్రి నాయనను మల్టీప్లెక్సుకు తీసుకెళ్లాను. టికెట్ 177 రూపాయలు. సీట్లు మెత్తగా ఉన్నాయి, మెట్ల దగ్గర లైట్లున్నాయి, కాబట్టి పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. చలి మాత్రం ఎక్కువ, శాలువా తీసుకెళ్లాలి. సినిమా మొదలైన పది నిమిషాలకు నాయన వెనక్కి తిరిగి పైన బొమ్మ వెలుగు వచ్చే కిటికీ వైపు చూడటం మొదలుపెట్టాడు.

"ఆడ ఎవురూ లేరే" అన్నాడు.

"కంప్యూటర్లోనే అంతా పెట్టేస్తారు నాయనా. టైముకు అదే మొదలవుతుంది."

ఇంటర్వెల్లో కూడా ఆ కిటికీనే చూస్తూ కూర్చున్నాడు. నాకు సినిమా ఏమీ గుర్తులేదు.

శనివారం పొద్దున చిత్తూరుకు బయల్దేరాం. దారి 70 కిలోమీటర్ల చిల్లర, ఆర్టీసీ బస్సులు అడుగడుగునా దొరుకుతాయి, ఇంచుమించు రెండు గంటలు. పాకాల మీదుగా కాట్పాడి వెళ్లే రైళ్లూ ఉన్నాయి. ఛార్జీ చాలా తక్కువ, టాయిలెట్ ఉంటుంది, టైము కుదిరితే పెద్దవాళ్లకు రైలే మేలు. మాకు టైము కుదరలేదు. చిత్తూరులో బస్టాండుకు దగ్గర్లోనే 900 రూపాయలకు గది దొరికింది. తిరుపతి గది కంటే పెద్దది, గాలి వెలుతురు బాగున్నాయి, దుప్పట్లు ఉతికినవి. కౌంటరులో ఉన్నాయన నాయన నడక చూసి, అడక్కుండానే కింది అంతస్తు గది ఇచ్చాడు. తిరుపతిలో రోజూ కొత్త జనం వస్తారు, పోతారు. చిత్తూరులో ఇంకా మనిషి ముఖం చూసి మాట్లాడతారు. దర్శనం పని లేనివాళ్లు ఈ వైపు తిరగడానికి చిత్తూరులోనే దిగడం మంచిదని నా అభిప్రాయం. కాణిపాకం ఇక్కడి నుంచి 12 కిలోమీటర్లే.

మధ్యాహ్నం ఒక చిన్న మెస్సులో రాగి సంగటి, నాటుకోడి పులుసు. సంగటి చేతికి అంటుకోకుండా, పులుసు పలచగా, కారం గట్టిగా ఉంది. ఇద్దరికీ కలిపి 340 అయింది. మాంసం తినని రోజైతే సంగటిలోకి ఊరిబిండి అనే రోటిపచ్చడి అడగండి, పచ్చి వేరుశనగ నూనె చుక్క వేసి ఇస్తారు.

తిన్నాక నాగయ్య కళాక్షేత్రం ముందు ఆగమన్నాడు నాయన. చిత్తూరు నాగయ్యగారు పుట్టింది ఇప్పటి బాపట్ల జిల్లా రేపల్లెలో, 1904లో. నాటకాలాడింది ఈ ఊళ్లో, రామవిలాస సభలో. అందుకే ఊరి పేరు ఇంటిపేరులా నిలిచిపోయింది. పోతన, త్యాగయ్య, వేమన పాత్రల్లో ఆయనను చూస్తూ పాతకాలం ప్రేక్షకులు హాల్లోనే చేతులు జోడించేవారని నాయనకు వాళ్ల నాయన చెప్పాడట. "సినిమా హాలంటే అప్పట్లో సగం గుడేనమ్మా" అన్నాడు. ఆ మాట నాకు ఆ సాయంత్రానికి బాగా అర్థమైంది.

నాలుగు గంటలకు హాలు దగ్గరికి వెళ్లాం. ముందే ఫోన్ చేసి పాస్టరుగారి అనుమతి తీసుకున్నాను. ప్రార్థన లేని సమయంలోనే వెళ్లాలి, చెప్పులు బయట విడవాలి, ఫొటో తీసేముందు అడగాలి. గుడికి పాటించే మర్యాదలే ఇక్కడా.

బయటి నుంచి చూస్తే పెద్దగా మారలేదు. ముందు గోడ నిలువు గీతలు, పైన పేరు అక్షరాలు ఊడదీసిన చోట సిమెంటు మచ్చలు, వాటి మీద సున్నం. పోస్టర్లు అతికించే చెక్క పలక మీద ఇప్పుడు బైబిలు వాక్యం రాసి ఉంది. క్రిస్మస్ నక్షత్రం ఇంకా దించలేదు. టికెట్ల క్యూ కోసం కట్టిన సన్నటి ఇటుక సందు అలాగే ఉంది. ఒక మనిషి మాత్రమే పట్టే వెడల్పు, నడుమెత్తు నుంచి పైదాకా ఇనుప కడ్డీలు. నేల టికెట్ల జనం తోసుకోకుండా కట్టినదది. ఇప్పుడు దాంట్లో చెప్పుల అరలు పెట్టారు. టికెట్ ఇచ్చే కన్నానికి చిన్న చెక్కపెట్టె బిగించారు. ప్రార్థన విన్నపాలు రాసి ఆ కన్నంలోంచే వేస్తారట. నాయన ఆ కన్నంలో చెయ్యి పెట్టి చూశాడు. "ఈడ రెండు చేతులు ఒకేసారి దూరేవి" అన్నాడు.

పాస్టరుగారు వచ్చి "వందనాలండీ" అని పలకరించారు. నలభై ఐదేళ్లుంటాయి. నాయన చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. కుర్చీ వేసి, ముందు టీ తెప్పించి, ఆ తర్వాతే మాట్లాడారు.

హాలు మూతపడ్డాక కొన్నేళ్లు బెల్లం గోడౌనుగా ఉందట. చిత్తూరు బెల్లం మార్కెట్టు పెద్దది కదా. చర్చి సంఘంవాళ్లు అద్దెకు తీసుకున్నప్పుడు గోడల వెంట చీమల బారులు, నేలంతా జిగట. ఆడవాళ్లు వారం రోజులు వేడినీళ్లతో కడిగారు. ఓనర్ల కొడుకులు హిందువులే. పడగొట్టి షాపింగ్ కాంప్లెక్సు కడదామని ఒకరు, అద్దెకిద్దామని ఒకరు. చివరికి ముందు గోడను మార్చకూడదన్న షరతు మీద ఇచ్చారు. ఆ షరతు పెట్టిన అన్న ఎవరో గానీ ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

సినిమా హాలు చర్చికి ఎంత బాగా సరిపోతుందో లోపల నిలబడితేనే తెలుస్తుంది. మధ్యలో ఒక్క స్తంభం లేదు, వెనక కూర్చున్నవాళ్లకూ ముందు నిలబడిన మనిషి కనిపిస్తాడు. మాట ప్రతిధ్వనించకుండా పక్కగోడలకు కొట్టిన పాత బోర్డులు సగానికి పైగా ఉన్నాయి. రెండు పక్కలా వెడల్పు తలుపులు, కాబట్టి ఆరాధన ముగిశాక ఐదు నిమిషాల్లో హాలు ఖాళీ. సైకిళ్లకు, బండ్లకు ఆవరణ ఉంది. ఇబ్బంది ఒక్కటే, నేల వాలు. మన సంఘాల్లో చాలామంది తివాచీల మీద కింద కూర్చుంటారు. వాలు నేల మీద గంటలకొద్దీ కూర్చుంటే నడుము పట్టేస్తుంది. అందుకని నేల తరగతి ఉన్న ముందు భాగాన్ని మట్టి పోసి చదును చేసి గచ్చు చేశారు. వెనక భాగం అలాగే వదిలి కుర్చీలు వేశారు. తెర ఉన్న గోడకు తెల్లరంగు వేసి మధ్యలో చెక్క సిలువ. తెర ముందు అరుగును వేదిక చేశారు, దాని పక్కన బాప్తిస్మం తొట్టి. బాల్కనీలో ఆదివారం పిల్లల క్లాసు.

ఇలా మారింది ఈ ఒక్క హాలే కాదని పాస్టరుగారితో అన్నాను. న్యూయార్కులో 1930లో కట్టిన ఒక పెద్ద సినిమా ప్యాలెస్‌ను 1969లో రెవరెండ్ ఐక్ అనే బోధకుడి సంఘం కొనుక్కుంది. యునైటెడ్ ప్యాలెస్ అంటారు దాన్ని, మూడు వేలకు పైగా సీట్లు. అలా కొనబట్టే అది కూలకుండా మిగిలింది, ఇప్పుడు అక్కడ సినిమాలు, కచేరీలు కూడా జరుగుతాయి. లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్కులో ఉన్న ఆస్టోరియా కూడా 1930 నాటిదే. తర్వాత రెయిన్‌బో పేరుతో సంగీత కచేరీలు నడిచాయి, 1990ల నుంచి అది చర్చి. ఆయన శ్రద్ధగా విని, "మాకంత స్తోమత లేదమ్మా. పైకప్పు కారకుండా చూసుకుంటే అదే దేవుని కృప" అన్నారు. రేకులు మార్చడానికి సంఘం నెలనెలా చందా వేసుకుంటోంది.

చిత్తూరుకు చర్చి కొత్త కాదు. 1853లో అమెరికా మిషనరీలైన స్కడర్ సోదరులు ఆర్కాటు మిషన్ మొదలుపెట్టినప్పుడు వాళ్ల తొలి కేంద్రాల్లో ఈ ఊరొకటి. ఊళ్లో చర్చి వీధే ఉంది. 1947లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడింది. ఈ హాల్లోది ఆ పాత సంఘాలకు చెందినది కాదు, తర్వాత వచ్చిన చిన్న స్వతంత్ర సంఘం. కూలి పనులకు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లేవాళ్లే ఎక్కువ. సొంతంగా కట్టుకోవాలంటే స్థలం దొరకదు, దొరికినా కొనలేరు. మూతపడ్డ హాలుకు, చోటులేని సంఘానికి అలా కుదిరింది.

నాయన పనిచేసిన కాలంలో సినిమా రీళ్ల బాక్సు దిగితే ఊరంతా తెలిసేది. సినిమా వ్యాపారంలో రాయలసీమను 'సీడెడ్' అంటారు. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు దత్తం చేసిన జిల్లాల పేరది. చిత్తూరు నిజానికి ఆ దత్తంలో లేదు, మరుసటి ఏడు ఆర్కాటు నవాబు నుంచి వచ్చిన సీమ. అయినా బాక్సుల లెక్కలో చిత్తూరూ సీడెడే. ఆ వ్యాపారం కళ్లముందే మారింది. 2010 తర్వాత మూడు నాలుగేళ్లలో రీళ్లు కనుమరుగై, డిజిటల్ మిషన్ పెట్టుకోలేని హాళ్లు ఆగిపోయాయి. టికెట్ ధరల మీద ప్రభుత్వం ఇచ్చిన 2021 ఏప్రిల్ జీవోలో పంచాయతీల్లో ఏసీ లేని హాలు కింది తరగతి టికెట్ 5 రూపాయలే. మరుసటి ఏడు మార్చిలో దాన్ని సవరించారు. ఆ మధ్యలో తాళం పడినవి కొన్ని. నాయన హాలు అంతకు చాలా ముందే ఆగిపోయింది.

"క్యాబిన్ చూడాలండీ" అన్నాడు నాయన, టీ గ్లాసు కింద పెట్టి.

ప్రొజెక్టర్లు ఉండే ఆ క్యాబిన్‌కు లోపలి నుంచి దారి లేదు. బయట గోడ వెంబడి ఇనుప మెట్లెక్కాలి. ఎందుకలా కట్టారో నాకు చిన్నప్పుడు తెలియదు. 1950ల మొదటి దాకా వచ్చిన ఫిల్మ్ నిప్పు తగిలితే భగ్గుమనేది. అందుకని క్యాబిన్‌ను హాలుతో కలవకుండా, మందపాటి గోడలతో, బయటి మెట్లతో కట్టేవారు. బొమ్మ పడే కన్నాలకు ఇనుప షట్టర్లు ఉండేవి. మంట వస్తే అవి కిందికి జారి కన్నాలు మూసుకోవాలి. తర్వాత మండని ఫిల్మ్ వచ్చినా నిబంధన అలాగే నిలిచింది.

పద్దెనిమిది మెట్లు. నేను వద్దన్నాను. పాస్టరుగారూ వద్దన్నారు. నాయన కడ్డీ పట్టుకుని, మెట్టుకు రెండు కాళ్లూ పెట్టి, ఒక్కొక్కటే ఎక్కాడు. నేను వెనకే ఎక్కాను.

పైన రెండు ప్రొజెక్టర్లూ లేవు. నేల మీద వాటిని బిగించిన బోల్టులు మాత్రం కోసేయకుండా వదిలేశారు, నాలుగూ నాలుగూ ఎనిమిది. నాయన వాటి మధ్య నిలబడ్డాడు. మాట్లాడలేదు. కొంతసేపటికి చేతులు వాటంతట అవే కదిలాయి. ఎడమ చేత్తో కార్బన్ కడ్డీని జరిపే పిడి, కుడి చేత్తో రీలు. ప్రొజెక్టరుకు వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు రెండూ మండుతూ అరుగుతుంటాయి, వాటి మధ్య దూరం తప్పితే తెర మసకబారుతుంది. అందుకని ఆపరేటరు సినిమా చూడడు, నిప్పును చూస్తాడు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండు రీళ్లు అతికించినా ఇరవై చిల్లర నిమిషాలకోసారి ఒక మిషన్ నుంచి రెండో మిషన్‌కు మార్చాలి. తెర మీద కుడి పక్క పైమూల ఒక చుక్క మెరిస్తే రెండో మిషన్ మోటారు వేయాలి, మరో ఏడు సెకన్లకు ఇంకో చుక్క మెరవగానే బొమ్మ మార్చాలి. మారినట్టు జనానికి తెలిస్తే ఆ ఆపరేటరు పని రానివాడు. నాయనకు ఇరవై ఏళ్లలో నాలుగుసార్లే తప్పిందట. ఆ నాలుగూ ఏ ఏ రోజుల్లోనో చెప్పాడు. అందులో ఒకటి నేను పుట్టిన రోజు.

అప్పుడు గమనించాను, క్యాబిన్ ఖాళీగా లేదు. మొదటి ప్రొజెక్టరు కన్నం దగ్గర స్టాండు మీద వీడియో కెమెరా, పక్కన చిన్న మిక్సరు, లాప్‌టాప్. ఆదివారం ఆరాధనను ఇక్కడి నుంచే యూట్యూబులో లైవ్ ఇస్తారట. గల్ఫ్‌లో, బెంగళూరులో పనిచేసే సంఘం పిల్లలు చూస్తారు. ఆ పని చూసేది పాలిటెక్నిక్ చదివే ఒక అబ్బాయి. కేబుళ్లు సర్దుతున్నాడు. నాయన ఎవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"తాతా, ఈ కన్నం ఎందుకు ఇంత వాలుగా ఉంది? కెమెరా ఎంత సర్దినా పైన చీకటి పడతా ఉంది."

"అది కెమెరాకు కట్టింది కాదు నాయనా. వెలుగు కిందికి పోవాల గదా, అందుకు. నువ్వు ఆ షట్టరు పైకి ఎత్తితే చీకటి పోతాది."

షట్టరు తుప్పు పట్టి సగంలో ఇరుక్కుని ఉంది. అది కదులుతుందని ఆ అబ్బాయికి తెలియదు, గోడలో భాగమనుకున్నాడు.

ఆదివారం తెల్లవారుజామున కాణిపాకం వెళ్లొచ్చాం. ఆరు గంటలకల్లా వెళితే అరగంటలో దర్శనం అయిపోతుంది, తొమ్మిది దాటితే క్యూ పెరుగుతుంది. ఆటో రానూపోనూ 500 తీసుకున్నాడు, గుడి దగ్గర తొందరపెట్టకుండా ఆగాడు. ఆ విబూది నుదుటి మీద ఉండగానే నాయన పది గంటలకు చర్చికి బయల్దేరాడు. తుడుచుకోమంటారేమోనని నాకు టెన్షన్. ఎవరూ ఏమీ అనలేదు. వాకిట్లో నిలబడ్డ పెద్దామె "రాండి అబ్బా, కూసోండి" అని కుర్చీ చూపించింది.

నాయన కూర్చోలేదు. దారిలో కొన్న కుట్టుమిషన్ నూనె సీసా జేబులోంచి తీసి మెట్ల వైపు నడిచాడు.

నేను కింద, వెనక వరసలో కూర్చున్నాను. కీర్తన మొదలైంది. ఆడవాళ్ల గొంతులు పాత బోర్డుల గోడలకు తగిలి మెత్తగా వెనక్కి వస్తున్నాయి. మధ్యలో వెనక పైనుంచి కిర్రుమని ఒక చప్పుడు, ఆగి మళ్లీ ఒకటి. తల తిప్పి చూశాను. మొదటి కన్నం షట్టరు కొంచెం కొంచెంగా పైకి లేస్తోంది. పూర్తిగా లేచాక ఆ కన్నంలో ముందు కెమెరా గాజు కనిపించింది. పక్క కన్నంలో నాయన ముఖం, వేదిక వైపు చూస్తూ.